పడవవాడి పేరు

అధ్యక్షత వహిస్తున్న దర్శకులు కుసునోకి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో అప్పుడే సుషీ పెట్టెలు విప్పిన రంగుల విభాగం వారికి నమస్కారాలు. (నవ్వులు) తినండి, ఈ నగావో తొకియే తొందరగా వదిలే మనిషి కాదు. ఉద్యోగానికి సెలవు చెబుతున్న ఇవాళ, ఒకరిని క్షమాపణ అడగందే ఈ మెట్లు దిగలేను.

నెరిమాలోని ఈ మేడ మీద ముప్పై ఎనిమిదేళ్లు నేను చేసిన పని మన కార్టూన్ సినిమాల్లోని బొమ్మలకు పేర్లు పెట్టడం. కథానాయకుడి సంగతి దర్శకులు చూసుకుంటారు. టోఫూ అమ్మే ముసలాయనకూ, యుద్ధం మొదలవగానే పడిపోయే సిపాయికీ ఎవరు పెడతారు, నేనే. ఒక సినిమాలో పేర్లన్నీ ఒకే బుట్టలోంచి తీయాలన్నది మన ఆనవాయితీ. మొదటిసారి కూరగాయల బుట్ట. "ముల్లంగి గారిని ఇవాళే చంపేస్తున్నామా, రేపటిదాకా ఉంచుతున్నామా?" అని మీరు గంభీరంగా అడుగుతుంటే, పార్సిల్ తెచ్చినాయన సంతకం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. (నవ్వులు)

నది సినిమా వచ్చేసరికి బుట్టలో మీ ఇంటిపేర్లే వేశాను. మన స్టూడియోలో రంగులు వేసేవాళ్ల పేర్లు, నేపథ్యాలు గీసేవాళ్ల పేర్లు అప్పట్లో సినిమా చివర పడేవి కావు. చివర వేయకపోతే మధ్యలో నేను వేస్తాను అనుకున్నాను. తెర మీద ఆ టోఫూ ముసలాయన్ని ఎవరో "ఫుకుషీ!" అని పిలవగానే, రంగులు వేసే మన ఫుకుషి వాళ్లమ్మ అకితా ఊళ్లో హాల్లో లేచి నిలబడి "మా అమ్మాయే, మా అమ్మాయే" అందట. ఎంత మంచి రోజులవి.

చివరికి ఒక్క పేరు, ఒక్క బొమ్మ మిగిలాయి. బొమ్మ, వరదలో ఒడ్డున పిల్లలు కేకలు వేస్తున్నా వదిలేసి పోయే పడవవాడు. పేరు, హికితా. పెట్టేశాను. అదిగో, కిటికీ దగ్గర కూర్చున్నారే, ఆ నదిని మూడు నెలలు గీసిన హికితా గారు, సినిమా సిద్ధమయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అక్కా, మా నాన్న షినానో నది మీద పడవ నడిపాడు. మా ఊళ్లో అందరూ చూస్తారు. వేరే పేరేదైనా పెట్టకూడదా?"

"గొంతులు రికార్డయిపోయాయి కదయ్యా. అయినా ఒక్క పేరుకే ఇంత బాధా? సినిమాయే కదా," అన్నాను. నవ్వాను కూడా.

"అంతేలెండి," అన్నారు.

తగవు పెట్టుకోలేదు. అప్పటినుంచి ఇరవై ఆరేళ్లుగా నన్ను నగావో గారూ అంటున్నారు. అంత మర్యాదకన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. వరదల్లో ఊరందరినీ దాటించిన వాళ్ల నాన్నగారు, ఆ సినిమా చూసొచ్చాక మళ్లీ రేవువైపు వెళ్లలేదట. ఆయన పోయారని విన్నప్పుడు కూడా క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. సిగ్గు.

ఇప్పుడు ఆ సినిమాను కొత్త గొంతులతో మళ్లీ విడుదల చేస్తున్నారు. వెళ్లేముందు ఏం కావాలో కోరుకోమన్నారు కుసునోకి గారు. పడవవాడికి నా పేరు పెట్టమన్నాను.

"మతి పోయిందా తొకియే?" అంటూనే సంతకం పెట్టారు.

పోయిన బుధవారం రికార్డింగు గదిలో కూర్చున్నాను. "నగావో మామా, వెనక్కి రా మామా" అని ఆరుగురు పిల్లలు ఏడుస్తున్నారు. ఆ పిల్లలకు అంతకుముందే చాక్లెట్లు పంచినదాన్ని నేనే, అది నటనని నాకు తెలియదా? అయినా కూర్చోలేక బయటికి వచ్చేశాను. నేను విన్నది తలుపులు మూసిన గదిలో. హికితా గారూ, మీ నాన్నగారు నిండు హాల్లో, తాను దాటించిన జనం మధ్య కూర్చుని విన్నారు. నన్ను క్షమించండి.

అందరూ ఇంత ఓపికగా విన్నారు, ఇన్నేళ్లు భరించారు, మీ రుణం తీర్చుకోలేను. సినిమా మార్చిలో వస్తుంది. మా ఊళ్లో మా అన్నకీ, వదినకీ, ఇరుగుపొరుగు వాళ్లకీ, నాకు తెలిసిన ప్రతి ఇంటికీ టికెట్లు పంపాను. అందరూ కలిసి వెళ్లి చూడమని రాశాను. ఇక నాకు సెలవిప్పించండి.