స్టడ్డు చల్లారేదాకా

ఏంటమ్మడూ, స్కూటీ బోల్టు తెగిపోయిందా? "టూట్ గయా తాతయ్యా" అని నవ్వుతూ చెప్తున్నావు మళ్ళీ. ఏదీ, ఇటు తే. ఊఁ... బలం పెట్టేశావు. తుప్పు పట్టినదాని మీద బలం పెడితే తెగక ఏమవుతుంది చెప్పు? ట్రాక్టరువి ఎలా తీసేవోణ్ణంటావా? ఆ స్టూలు లాక్కుని కూర్చో మరి. అమ్మమ్మ డ్యూటీ నుంచి... ఛ, రిటైరయ్యాక డ్యూటీ ఏంటి, చర్చికెళ్ళింది. ఆవిడొచ్చేలోపు చెప్పేస్తాను. ఆవిడ ముందు చెప్పలేనిది.

నిడదవోలులో నాకు ట్రాక్టర్ల రిపేరు షెడ్డుండేది, తెలుసుగా. మా నాన్న పెట్టింది. మా చిన్నాన్న కొడుకులు కూడా అక్కడే పని నేర్చుకున్నారు, ఒకడికి ఇప్పుడు రాజమండ్రిలో సొంత షాపు... సరే, అది వదిలెయ్. అమ్మమ్మకి ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, షెడ్డు మూసి వచ్చేశాం. అప్పుడు ఇందిరాపురంలో బిల్డింగులు ఇంకా లేస్తున్నాయి. మెట్రో లేదు, షేర్ ఆటో అయిదు రూపాయలు. నాకు హిందీ రాదు. ఏ వర్కుషాపుకెళ్ళినా "కల్ ఆనా" అనేవాడు. వాళ్ళ ఆ రేపు అనేది ఎప్పటికీ రాలేదు తల్లీ.

మగాడు ఇంట్లో కూర్చుంటే మన తెలుగు చర్చిలోవాళ్ళు ఏమనుకుంటారని పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరేవోణ్ణి. డబ్బా కట్టేది మీ అమ్మమ్మే, ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? పార్కులో కూర్చుని, అక్కడే తిని, సాయంత్రానికి వచ్చేవోణ్ణి. దారిలో చర్చిలో మనవాళ్ళు ఎవరో ఒకరు కనబడి "డ్యూటీకా అన్నా?" అనేవాళ్ళు. "ఆఁ, డ్యూటీకే" అనేవోణ్ణి. అంతే. ఎక్కడ, ఏం పని అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

క్రిస్మస్ ముందు మొదటి వారం... కాదు, రెండో వారం, చలి బాగా ముదిరింది. కేరల్స్‌కి ట్రాక్టరు ట్రాలీ మీద యేసు పుట్టిన పశువుల పాక కట్టి, పాటలు పాడుతూ తిరగాలని పాస్టరుగారు అన్నారు. వెనకాల ఊళ్ళో ఒక చౌదరి ఉన్నాడు, ఇక్కడి హిందీవాడే, ఆయన దొడ్లో ఎప్పటిదో ట్రాక్టరు పడుంది. బాగుచేసుకుంటే వాడుకోండి అన్నాడు. "మన అన్న మెకానిక్కేగా!" అని పాస్టరుగారు నా భుజం మీద చెయ్యేశారు. కాదంటానా?

ఇంజను నడుస్తుంది, దానికేం లేదు. సైలెన్సరు పట్టి ఉంచే స్టడ్డులు, తల లేని బోల్టులనుకో, రెండు తుప్పు పట్టి ఇంజను హెడ్డులోకి పాతుకుపోయి ఉన్నాయి. అవి తీసి కొత్తవి వెయ్యకపోతే పొగంతా తోలేవాడి మొహం మీదకే. ఆదివారం ఆరాధన అవ్వగానే చర్చి చర్చంతా దొడ్లోకి దిగింది. ఆడవాళ్ళు, పిల్లలు, గిటారు పట్టుకుని ఒకడు. డీజిలు పోశాను, సుత్తితో తట్టాను, పానా వేశాను. అసలు నానబెట్టి వదిలెయ్యాలి, అది నాకు తెలీదా? కానీ అంతమంది చూస్తుంటే చెయ్యి ఊరుకోదు కదమ్మా. రెండూ టిక్కుమని తెగాయి. జనంలో ఎవరో "అయ్యో" అన్నారు.

తెగిన మొండి మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి తిప్పాలి అప్పుడు. చౌదరి మిషను తెప్పించాడు. మొదటిదాన్ని వేడి మీదే తిప్పాను. అది మళ్ళీ తెగింది, ఇంకా లోపలికి. ఒళ్ళంతా చెమట, ఆ చలిలో! రెండోదానికి నట్టు అతికించాను, ఎర్రగా ఉంది. పానా ఎత్తాను. అప్పుడు పాస్టరుగారు "ఆగండన్నా, ప్రార్థన చేద్దాం. సిస్టర్ చేస్తారు" అని మీ అమ్మమ్మని ముందుకి పిలిచారు.

మనవాళ్ళ ప్రార్థన సంగతి నీకు తెలుసుగా, ఆడవాళ్ళు మొదలుపెడితే ఇంట్లో ఉన్నదంతా దేవుడి ముందు గుమ్మరిస్తారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ మొదలుపెట్టింది. "తండ్రీ, ఈయన సంగతి నీకు తెలుసు. పని లేకపోయినా పనికెళ్తున్నట్టు రోజూ డబ్బా పట్టుకుని బయల్దేరతాడు." వెనక నుంచి అందరూ "అవును ప్రభువా" అన్నారు. "పార్కులో కూర్చుని తిని వస్తాడు." "అవును ప్రభువా." "నిద్రపోడు తండ్రీ, గోడ వైపు తిరిగి ఏడుస్తాడు." "అవును ప్రభువా." "ఇంతమంది ముందు ఈయన్ని సిగ్గుపడనియ్యకు దేవా!"

సిగ్గుపడనియ్యకు అంటుంది చూడు! పానా పట్టుకుని నిలబడి ఉన్నాను. ప్రార్థన మధ్యలో ఆపమని ఎలా అంటాం? భూమి చీలితే అందులోకి దిగిపోదును. నేను కాక కళ్ళు తెరిచి ఉన్నది చౌదరి ఒక్కడే. తెలుగు ముక్క రాదు ఆయనకి. నా మొహం చూశాడు, చటుక్కున గేదె దగ్గరికెళ్ళి, సరిగ్గా ఉన్న పలుపునే విప్పి మళ్ళీ కట్టడం మొదలెట్టాడు.

ఆమెన్ అనేసరికి నట్టు నల్లబడి చల్లారింది. పానా వేశాను, వెన్నలా తిరిగింది. హల్లెలూయా అని ఒకటే గోల. చల్లారింది కాబట్టే వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఆవిడ ప్రార్థన అంత పొడుగు లేకపోతే దాన్నీ తెంపేసేవోణ్ణి. లోపల విరిగినదాన్ని తర్వాత డ్రిల్లు పెట్టి తీశాలే. కానీ ఆ పూట నాకు సంతోషం లేదు. మీ అమ్మమ్మతో మాట్లాడలేదు.

కేరల్స్ రోజు ట్రాలీలో ఓ మూల కూర్చున్నాను. అమ్మమ్మ అటు చివర పాడుతుంది. అమ్మమ్మ వార్డులో పెద్ద నర్సు, దీనమ్మగారని ఉండేవారు, పక్కనొచ్చి కూర్చుని అన్నారు కదా, "బాబూ, ఆవిడ మీద కోపం పెట్టుకోకు. మాకేం కొత్త కాదు. బుధవారం ఆడవాళ్ళ కూటంలో ఎప్పట్నుంచో చేస్తున్న ప్రార్థనే అది. నడిచే ట్రాక్టరు వేరేవాళ్ళు ఇస్తామన్నారు. పాస్టరుగారే వద్దని, నీ చేతికి పని దొరకాలని పాడైంది వెతికారు."

విన్నావా? తెలుసమ్మా అందరికీ! నా సంగతి తెలియదనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

చౌదరి నన్ను వదల్లేదు, ఆయన అల్లుడి వర్కుషాపులో పెట్టించాడు. మొదటిరోజు డబ్బా పట్టుకుని నిజంగానే పనికి బయల్దేరాను. మలుపు దగ్గర మనవాళ్ళు కనబడి "డ్యూటీకా అన్నా?" అన్నారు. ఎప్పుడూ అడిగినట్టే అడిగారు. అంతా తెలిసే ఇన్నాళ్ళూ అలా అడిగారని అప్పుడు తగిలింది తల్లీ. తల ఎత్తలేక డబ్బా ఎత్తి చూపించాను.

గేటు చప్పుడైంది, వచ్చేసినట్టుంది. ఈ బోల్టు రేపు చూద్దాం, నాననీ. నీకు తెలియకుండా నీ కోసం ప్రార్థన చేసేవాళ్ళు నలుగురుండాలమ్మా, దేవుడు నిన్ను అలా చల్లగా చూడాలి. కాకపోతే నీ ముందు పైకి మాత్రం చెయ్యకుండా... ఆఁ, ఏం లేదే, స్కూటీ సంగతి మాట్లాడుకుంటున్నాం.