శౌరయ్య బావగారి పిల్లి

ఏంటే డయానా, పొద్దున్నే జామచెట్టు దగ్గర ఏం చేస్తున్నావు? కెమేరా విప్పుతున్నావా! ఎప్పుడు కట్టావు, రాత్రా? నాతో ఒక్కముక్క అన్నావు కాదు. తొట్లో నీ రంగుచేపలు మాయమైపోతున్నాయని నిన్నంతా మూతి ముడుచుకుని తిరిగావు, ఇదా నీ ఆలోచన! ఓసి నీ ఇల్లు బంగారం గానూ, సరిగ్గా ఆ చెట్టుకే, ఆ పంగలోనే కట్టాడే మీ పెదతాతయ్య కూడా. ఆ తొట్టే, ఆ చెట్టే. ఫొటోలు ఫోన్లోకి ఎక్కడానికి టైం పడుతుందా? పట్టనీ. ఇలా వచ్చి కూర్చో, ఈ చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి, చెప్తా. గట్టిగా మాట్లాడకు, లోపల మీ పెద్దనాయనమ్మ పడుకునుంది. ఈ మాట చెవిన పడితే ఇక లేచి కూర్చుంటుంది.

మీ పెదతాతయ్య అంటే నాకు బావగారు గదా, మీ తాతకి అన్న. శౌరయ్య. నువ్వు ఎరగవులే, నువ్వు పుట్టేటప్పటికి పోయాడు. ఆర్టీసీలో కండక్టరు చేశాడు, హనుమాన్ జంక్షన్ బస్సు మీదే సగం సర్వీసు. ఆ మనిషి నోరు తెరిస్తే నిజం రావడం మేం ఎరగం. చెడ్డ అబద్ధాలు కాదు, ఎవరి కొంపా ముంచేవి కాదు, ఊరికే. జంక్షన్ దాటాక రోడ్డుకి అడ్డంగా కొండచిలువ పడుకుంటే బస్సు దిగి "రైట్ రైట్" అని అరిచాడంట, అది తోక సర్దుకుని పక్కకి జరిగిందంట. ఇంకోసారి బస్సులో ఒక కోతి ఎక్కి చెయ్యి చాపిందంట, ఈయన టిక్కెట్టు కొట్టి ఇచ్చాడంట. "చిల్లర ఇచ్చిందా బావగారూ?" అన్నా నేను. "లేదమ్మా సంపూర్ణా, పాసు చూపించింది," అన్నాడు. ముఖంలో నవ్వు కూడా ఉండదు చూడు! అట్టాంటి మనిషి. మన గుడికొచ్చే విచారణంతా తెలుసు ఆయన సంగతి. ఆయన ఏసు పుట్టాడన్నా ఇంకొకళ్లని అడిగి తెలుసుకునేవాళ్లు మన గుళ్లో.

అట్టాంటాయనకి జీవితంలో ఒకే ఒక్క కోరిక. నవ్వుతావు చెప్తే. ఈస్టరు ముందు పవిత్ర గురువారంనాడు ఫాదరుగారు పన్నెండుమంది మగవాళ్లని ముందు కూర్చోబెట్టి పాదాలు కడుగుతారు గదా, ఆ పన్నెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చోవాలని. ఇప్పుడంటే ఎవరు దొరికితే వాళ్లని కూర్చోబెడుతున్నారు గానీ, అప్పుడు మన విచారణలో అట్టా కాదు. తపస్కాలం నలభై రోజులూ నీచు ముట్టకుండా, మాట తప్పకుండా ఉన్నవాళ్లనే ఎంచేవాళ్లు. ఎక్కడో దేశాల్లో చేపలు తినొచ్చంట. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదరు ఒకాయన ప్రసంగంలో ఆ మాటంటే, ముందు వరసలో ముసలమ్మలంతా ఆయన్ని చూసిన చూపుకి పాపం మళ్లీ ఎత్తలేదు. మన ఇళ్లల్లో చేపల చట్టి కూడా బూడిదెట్టి తోమి అటకెక్కించేసేవాళ్లం, ఈస్టరుదాకా దించేది లేదు. సరే, బావగారు రిటైరైన ఏడు, ఎట్టా ఒప్పుకున్నారో ఏమో, ఈయన పేరు కూడా పన్నెండులో చదివారు. ఇంటికొచ్చి కాళ్లు చూసుకోవడమే పని! ప్యూమిస్ రాయెట్టి మడమలు తోమడం, కొబ్బరినూనె రాయడం. మీ పెద్దనాయనమ్మ, "ఏవండీ, పెళ్లికి కూడా ఇంత తోమలేదు మీరు," అంటే, "అమలా, మన పెళ్లికి ఫాదరుగారు నా కాలు ముద్దుపెట్టుకోలేదు గదా," అన్నాడు.

అదిగో అప్పుడొచ్చింది పిల్లి. ఒకరోజు తెల్లవారుజామున దొడ్లోకి వెళ్లి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తొట్టి గట్టు మీద పిల్లి కూర్చుని నీళ్లల్లో చెయ్యి పెట్టి దేవుతోందంట. మామూలు పిల్లి కాదంట, ఒంటి మీద చుక్కలంట, పొట్టి తోకంట, రెండు పిల్లులంత ఉందంట. నీటిపిల్లి, చేపలు పట్టుకు తింటుంది, అవతల కృష్ణ ఒడ్డున రెల్లుపొదల్లోంచి కాలవ దాటి వచ్చింది అన్నాడు. కాఫీ తాగేసరికి అది కుక్కంత అయింది. టిఫినుకి పులిపిల్ల అయింది. మధ్యాహ్నానికి మీ తాత, "అన్నయ్యా, సాయంత్రానికి దానికి జూలొస్తుందేమో, ఇప్పుడే ఆపెయ్," అన్నాడు. నవ్వక ఏం చేస్తాం చెప్పు. కోతికి టిక్కెట్టు కొట్టిన మనిషి గదా.

ఆయనకి రోషం వచ్చింది. ఎక్కడో అడిగి అడిగి, బెంజ్ సర్కిల్ దగ్గర కొట్టుకి చెప్పి తెప్పించుకున్నాడు ఒక కెమేరా. అడవుల్లో పులుల్ని తీసేదంట. చెట్టుకి కట్టేస్తే ఎదురుగా ఏం కదిలినా దానంతటదే ఫొటో తీస్తుందంట, చీకట్లో కూడా, మెరుపూ గిరుపూ లేకుండా. మనిషిని దేవుడు చూసినట్టు. ఎంత చిత్రం అనిపించిందో నాకు! పొద్దున్నే అందరం చుట్టూ చేరేవాళ్లం. ఏముంది? ఒకదాంట్లో పందికొక్కు, పెళ్లిఫొటోకి నిలబడ్డట్టు రెండుకాళ్ల మీద నుంచుంది. ఒకదాంట్లో దండెం మీద అక్క చీర, అదే మీ పెద్దనాయనమ్మది, దెయ్యంలాగా. మిగతావన్నీ మీ పెదతాతయ్య లుంగీ వెనకవైపు! ఫొటో పడిందా లేదా అని గంటగంటకీ తనే వెళ్లి తొట్లోకి వంగి చూస్తాడు, వంగినప్పుడల్లా అది తీస్తుంది. "బావగారూ, మన దొడ్లోకి వచ్చే అడవి జంతువు దొరికిందండీ, గళ్ల లుంగీ కట్టుకుంది," అన్నా. అక్క అయితే నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి పోయింది.

ఇక ఆ పిల్లిని రప్పించాలని, చూడవే తెలివి, బతికున్న చేపలు తెచ్చి తొట్లో వదలడం మొదలెట్టాడు. తపస్కాలంలో! కాలు కడిగించుకోబోయే మనిషి! జెల్లలు, కొర్రమీనులు, చాటుగా గుడ్డసంచీలో. పొద్దున చూస్తే తొట్లో చేప ఉండదు, కెమేరాలో పిల్లీ ఉండదు. ఎందుకుండదంటే కెమేరా తలకాయ వేరేవైపు తిరిగి ఉండేది, ఈయన కట్టిన కట్టు అట్టాంటిది. మేం ఎరగం చేపల సంగతి. ఒక శుక్రవారం సిలువమార్గం ప్రార్థన చేసుకుని నేనూ అక్కా ఇంకో పదిమందీ గుళ్లోంచి బయటికొస్తున్నాం, మెళ్లో జపమాలలు ఇంకా తియ్యలా. అవతల రోడ్డు మీద చేపలమ్మే సుబ్బరత్నం, బుట్ట దించి, వీధంతా వినబడేట్టు, "అమలమ్మగారో! అయ్యగారికి చెప్పండి, రేపు కొర్రమీను పెద్దది వస్తది, తీసి పెడతానని! రోజూ తీసుకెళ్తన్నారు, ఒక్కరోజు మానరు మహానుభావుడు!" అంది. అది మంచి మాటే అనుకుని అంది పిచ్చిది, దానికేం తెలుసు తపస్కాలం. మా పక్కనే గుడిపెద్ద జాన్‌బాబుగారు. ఆయన తల అట్టా అట్టా ఊపాడు, పూజలో గంట కొట్టినట్టు. అంతే, సాయంత్రానికి పటమటంతా తెలిసింది. "పిల్లి కోసమండీ," అని ఈయన, "అవునవును, పిల్లి కోసమే, రెండుకాళ్ల పిల్లి," అని వాళ్లు. తర్వాతి బుధవారం ఫాదరుగారు పిలిపించి మెత్తగానే చెప్పారు. గురువారానికి ముందొచ్చే మట్టలాదివారం లోపు ఆ పిల్లిని చూపించండి శౌరయ్యగారూ, నేను నమ్ముతా, కుర్చీ మీకే అన్నారు. లేకపోతే ఇంకొకళ్లని చూసుకుంటాం అన్నారు.

ఆ నాలుగురోజులూ ఆ మనిషి అన్నం తినలేదే. నవ్వేవాళ్లం గానీ, చూస్తే జాలేసేది. ఈసారి మీ తాత చేత కెమేరా గట్టిగా కట్టించాడు, సరిగ్గా తొట్టి మీదకి. మట్టలాదివారం పొద్దున ఆయన, అక్క, నేను, ముగ్గురమే చూశాం. పడింది ఫొటో. తొట్లోకి ఒకాయన వంగి ఉన్నాడు. బావగారు కాదు, ఆ మనిషి వాలకమే వేరు. నేనప్పటికి సిస్టరమ్మల దగ్గర కొత్తగా అక్షరాలు నేర్చుకున్నా, గోడ మీద ఏం కనబడినా కూడబలుక్కునే రోజులు. ఆ మనిషి వీపు మీద, గుడి పండక్కి పెద్దలకి పంచిన టీషర్టు, అక్షరాలున్నాయి. నాకు సంబరం, చదవగలుగుతున్నానని. "వి... చా... ర... ణ... పె... ద్ద..." అని గట్టిగా చదువుతుంటే, అక్క నా నోరు మూసింది. తర్వాత ఫొటోలో మొహం ఇటు తిప్పాడు. జాన్‌బాబుగారు! కళ్లద్దాలు రెండూ పిల్లికళ్లల్లే తళతళా వెలుగుతున్నాయి, చేతిలో మన కొర్రమీను. పాపం, ఇంట్లో ఆవిడ నలభై రోజులూ వంకాయా బీరకాయా పెట్టి చంపుతుంటే, గోడ దూకాడు. గోడ దూకే వయసా అది! ఆ వయసులో అంత పొట్టేసుకుని ఎట్టా దూకాడా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

"పదండి, ఫాదరుగారికి చూపిద్దాం," అంది అక్క, చెప్పులేసుకుంటూ. ఈయన కెమేరా సంచీలో పెట్టుకునే వచ్చాడు గుడికి. పూజయ్యాక వరండాలో ఫాదరుగారు, "ఏవండీ, పిల్లి పడిందా?" అన్నారు. పక్కనే జాన్‌బాబుగారు, చేతిలో మట్ట పట్టుకుని. బావగారు సంచీలో చెయ్యి పెట్టాడు.  చెయ్యి ఖాళీగా బయటికి తీసి, "పడలేదండీ ఫాదర్, కార్డు పాడైపోయింది," అన్నాడు. అక్క నోరు తెరిచింది, ఈయన దాని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇంకనైనా అబద్ధాలు మానుకోవాలి శౌరయ్యగారూ, వయసొచ్చింది," అన్నాడు జాన్‌బాబుగారు, ఎంత పెద్దరికంగానో. ఈయన ఏమన్నాడో తెలుసా? "చిత్తమండీ. కానీ నేను చూసిన పిల్లి మీసాలు అచ్చం మీ మీసాల్లానే ఉన్నాయండీ, కళ్లద్దాలొక్కటే కొత్త." ఆయన చేతిలో మట్ట మెల్లగా పైకి లేచి మీసాలకి అడ్డమొచ్చింది చూడు. ఫాదరుగారికి ఏం అర్థం కాక ఇద్దర్నీ చూస్తున్నారు.

గురువారం వచ్చింది. మొదటి కుర్చీలో జాన్‌బాబుగారు, తెల్లపంచె. బావగారి కుర్చీలో వేరే ఎవరో. ఈయన, తోమిన మడమలతో, వెనక బెంచీలో, తిరగని ఫ్యాను కింద. ఫాదరుగారు జాన్‌బాబుగారి కాలు కడిగి తుడిచి ముద్దు పెట్టుకుంటుంటే, బావగారు నా వైపు వంగి, "సంపూర్ణా, మన తొట్టి పక్క బురద ఇంకా గోళ్లల్లో ఉండుంటుంది, ఫాదరుగారికి చెప్పొద్దు," అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చా, గుళ్లో! ఇంటికొచ్చాక అక్క ఏడ్చింది. "నలుగురిలో నన్ను దొంగతిండి తిన్నవాడి పెళ్లాన్ని చేశారు, ఎందుకు చూపించలేదు?" అని. అప్పుడన్నాడు, "అమలా, టిక్కెట్టు లేనోణ్ణి మెల్లగా దిగమనాలి గానీ, బస్సంతా లేచి చూసేట్టు అరవకూడదే. వాడు రేపు మళ్లీ అదే స్టాపులో ఎక్కాలి గదా." అట్టాగని ఈయనేదో పెద్ద సాధువు అనుకోకు. తర్వాత ఎన్నేళ్లు, జాన్‌బాబుగారు ఎదురుపడితే చాలు, "ఏవండీ, పిల్లి కులాసానా?" అనేవాడు. ఏటా ఆ ఇంటినించి ఒక బుట్ట రసాలు వచ్చేవి మనకి, ఎవరూ అడక్కుండానే. చప్పరిస్తూ తినేవాడు. పోయినప్పుడు సమాధి దగ్గర లేచి, "శౌరయ్యగారు అబద్ధమెరగని మనిషి," అని ప్రసంగం చేసింది కూడా ఆ జాన్‌బాబుగారే. అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఇప్పటికీ ఉన్నాడు, చూడట్లా, చెవిలో మిషను పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంటాడు.

కానీ అక్క ఒక్కటి మాత్రం నమ్మలేదే. చేపలు ఎత్తుకుపోయింది జాన్‌బాబు అని తేలింది గదా, మరి పిల్లేది? పిల్లీ లేదు గిల్లీ లేదు, ఈయన మామూలుగా కోసిన కోతే, ఆ కోత వల్లే నా పరువు పోయింది అని లోపల ఉండిపోయింది దానికి. ఆస్పత్రిలో ఆఖర్న కూడా అన్నాడంట, "అమలా, పిల్లి మాత్రం నిజమే," అని. "సరేలెండి, పడుకోండి," అందంట.   నేనూ నమ్మలేదులే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి, కాలవలో నీళ్లకంటే కవర్లే ఎక్కువ, ఇంక ఇక్కడ పిల్లేంటి...

ఎక్కాయా ఫొటోలు? ఏదీ, ఇటు పట్టు. కొంచెం పెద్దది చెయ్యి. ఇది నువ్వే, వంగి చూస్తున్నావు, ఇంటి రక్తం ఎక్కడికి పోతుంది! ఇది చీర. ఇదేంటే? వెనక్కెళ్లు. ఆఁ, అదే. తొట్టి గట్టు మీద. చెయ్యి నీళ్లల్లో పెట్టింది. చుక్కలు... తోక చూడు, పొట్టిగా.

...

లే, ఆ చిక్కుడుకాయలు అవతల పెట్టు. మీ పెద్దనాయనమ్మ కళ్లజోడు బైబిలు మీద ఉంటుంది, తీసుకురా. నేను లేపుతా.