చదువు దాచుకున్న పిల్లలు

ఆ పీట ఇటు లాక్కుని పొయ్యి దగ్గరగా కూర్చో తల్లీ, ఈ కొండగాలి మీ నైరోబీ వాళ్లకు పడదు. ఏంటీ, మీ తాత ముచ్చట కావాలా? గచేరు మాస్టారి సంగతి అడగడానికి ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు ఎప్పటికైనా వస్తారనుకుంటూనే ఉన్నా. నువ్వా వచ్చింది. అచ్చం మీ నానమ్మ పోలిక, పేరూ ఆవిడదే కదా, గథోని. జావ తాగు, చల్లారిపోతుంది. మీ తాత ఆజానుబాహువు... కాదులే, మామూలు మనిషే. మేం చిన్నపిల్లలం గనక తల ఎత్తి చూసేవాళ్లం, అంతే. మోచేతుల దగ్గర మాసికలేసిన కోటొకటి ఉండేది, ఎండ మండిపోతున్నా విప్పేవాడు కాదు. మొదట్లో మిషను బళ్లో చెప్పేవాడట. అక్కడి దొరలు ఒక కాగితం తెచ్చి, మా ఆచారాలు వదిలేస్తామని దీనిమీద వేలిముద్ర వెయ్యండి, లేకపోతే మీ పిల్లలకు బళ్లో చోటు లేదన్నారు. మా నాన్నావాళ్లు వెయ్యలేదు. మీ తాతా వెయ్యలేదు, బయటికొచ్చేశాడు. గవర్నమెంటు సంగతి ఇంకోలా ఉండేది, మనకి వడ్రంగం నేర్పమంటే ఎంతైనా నేర్పుతారు, ఇంగ్లీషు మాత్రం అడక్కూడదు. అందుకని మనవాళ్లే బడి కట్టుకున్నారు. మా అమ్మ నన్ను కడుపున పెట్టుకుని ఏట్లోంచి రాళ్లు మోసిందట. నువ్వు పుట్టకముందే బడికెళ్లావే అని ఎగతాళి చేసేది.

ఎక్కడున్నా? ఆఁ, దొరలు పెట్టిన ఎమర్జెన్సీ. నాకప్పుడు పదేళ్లుంటాయి. అడవిలోకి వెళ్లి దొరల మీద తిరగబడ్డవాళ్లంతా మా బళ్లలో చదివినవాళ్లేనని, బళ్లన్నీ మూసెయ్యమని ఆర్డరొచ్చింది. మా బడి రేకులు పీక్కెళ్లి వాళ్ల పోలీసు చావడికి కప్పుకున్నారు. ఇకమీదట ఎవడైనా పాఠం చెప్పాడని తెలిస్తే శిబిరానికే. శిబిరమంటే ఏంటో మాకు తెలీదు, వెళ్లినవాళ్లు చెప్పడానికి తిరిగి రాలేదు గనక. అయినా మీ తాత మానలేదు. మా మొక్కజొన్న చేలో, మొక్కలు తల దాటి ఎదిగాక, ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టేవాడు. పలకల్లేవు. పుల్లతో కాళ్ల పిక్కల మీద తెల్లగా గీసుకునేవాళ్లం, అలికిడైతే ఉమ్మి తడి పెట్టి తుడిచేసుకునేవాళ్లం. ఆకు కదిలినా నేను పిక్క తుడిచేసుకునేదాన్ని. నవ్వొస్తోందా? అప్పుడు రాలేదమ్మా. నేను చదువు నేర్చుకున్నది భయంతోనే, ఇప్పటికీ పెద్దక్షరాల బోర్డు చూస్తే వెనక ఎవరున్నారోనని తిరిగి చూస్తా.

ఒకరోజు మాస్టారు పాఠం చెప్పలేదు. మన సంగతి ఎవరో చెప్పేశారర్రా, రేపో ఎల్లుండో మిమ్మల్ని వరసగా నిలబెట్టి చదవగలరో లేదో చూస్తారు అన్నాడు. మిషను పిల్లలకు ఆ బళ్లో చదువుతున్నట్టు చీటీలుంటాయి, మాకు లేవు. చీటీ లేని పిల్లకి చదువొచ్చిందంటే ఎవరో చాటుగా చెబుతున్నట్టేగా. అందుకని ఆ రోజు మాకు చదవకుండా ఉండడం నేర్పాడు. కాగితమ్ముక్క మా మొహం ముందు ఆడించడం, మా కళ్లు చూడ్డం. "నీ కళ్లు అక్షరం దగ్గర ఆగాయి న్యకియో. ఆగనివ్వకు. చీమల బారు చూస్తున్నాననుకో." నన్నే ఎక్కువసార్లు అన్నాడు, నాకే అందరికంటే బాగా వచ్చు మరి. పొద్దు వాలేసరికి నేనూ మొద్దులా చూడ్డం నేర్చుకున్నా.

మూడో రోజు పొద్దున్నే, దొరల తరఫున తుపాకీ పట్టిన హోంగార్డులొచ్చి కొండవాలు జనం మొత్తాన్ని మైదానంలోకి తోలారు. మగాళ్లు ఒకవైపు నేల మీద, ఆడాళ్లు ఒకవైపు, మధ్యలో పిల్లలం. దొర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తన పని కాదన్నట్టు. పనంతా కిన్యువాది. హోంగార్డుల పెద్ద, మనవాడే, మా మేనత్త ఊరివాడు. చేతిలో అట్టముక్క, దాని మీద బొగ్గుతో మన గికుయు భాషలోనే ఏదో రాసుంది. ఒక్కొక్కళ్ల ముందు పెట్టి, చూడు నాన్నా, బొమ్మ బాగుందా అని ముద్దుగా అడుగుతున్నాడు. ముందు పిల్లలంతా తప్పించుకున్నారు. నా వంతొచ్చింది. చీమల బారు, చీమల బారు అనుకుంటూ చూశా. నా కళ్లు ఆగలేదమ్మా, ఒట్టు. కానీ ఆ అట్టమీద ఏం రాసుందో తెలుసా? నీ కాలి దగ్గర పాముంది. నా కాలు లేచింది. ఇంత, బెత్తెడు కూడా కాదు. వాడు నా కళ్లు చూడ్డమే లేదు, కాళ్లే చూస్తున్నాడు. మాస్టారు కాళ్లకు నేర్పలేదు.

వాడు అట్ట కింద పడేసి నా రెక్క పట్టుకున్నాడు. మా అమ్మ అటువైపు నోట్లో గుడ్డ కుక్కుకుంది. ఇంతలో మీ తాత లేచాడు. కోటుకంటిన గడ్డి దులుపుకుని, "ఆ పిల్లని వదిలెయ్యి. నేనే చెప్పాను, దానికొక్కదానికే" అన్నాడు. మిగతా అయిదుగురి ఊసే రానివ్వలేదు. అట్నుంచటే లారీ ఎక్కించారు. మీ నాన్న అప్పుడు చంకలో పిల్లాడు. నాలుగేళ్లకి ఒక గవర్నమెంటు కాగితమొస్తే మీ నానమ్మ నా దగ్గరికే తెచ్చింది, ఆయన దగ్గర చదువుకున్నదానివి కదే, చదివిపెట్టు అని. జ్వరంతో పోయాడని ఉంది. రెండు ముక్కలే. ఆవిడ మళ్లీ చదవమంది. మళ్లీ చదివా.

ఆగు, లేవకు. మాస్టారు తనంతట తనే లేచాడని కదా ఈ కొండవాలంతా చెబుతారు. మీ నానమ్మకూ అదే తెలుసు, అలాగే పోయింది. నేనూ ఇందాకటి దాకా అదే చెప్పాను. కిన్యువా నా రెక్క పట్టుకుని చెవిలో, నీకు చదువు నేర్పిందెవరో చెప్పు, లేకపోతే మీ అమ్మని తీసుకెళ్తాను అన్నాడు. చెప్పాను. చిన్నగానే చెప్పాను, గచేరు అని. మగాళ్ల వరస అక్కడికి నాలుగడుగులే. ఆయన విన్నాడు. నా వంక చూసి, విననట్టే, అప్పుడు లేచాడు. కిన్యువా నోరు తెరిచేలోపే తనే ఒప్పేసుకున్నాడు, నేను చెప్పినట్టు ఎవరికీ తెలీకుండా.

వాన వచ్చేలా ఉంది. ఆఖరి బస్సు నాలుగింటికే పోతుంది, గొడుగు తీసుకెళ్లు.