మేకప్ విత్ హర్

ఏంటే మనవరాలా, మేకప్ అంటే రాజీపడటమని కూడా ఉందా ఆ ఇంగ్లీషు డిక్షనరీలో? ఉంటుంది, ఉంటుంది. మా అన్నయ్యకి చూపించాల్సింది ఆ పేజీ. నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోయాడు. వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని. ఇనుముని వెంట్రుకవాసి తేడా రాకుండా కోసేవాడు గానీ, నోటికి మాత్రం అడ్డూ అదుపూ లేదు. ఓసారి చుట్టాల ముందు వదిన ఏదో అనబోతే 'నువ్వు నోరు మూసుకో' అన్నాడు. మూసుకుంది. ఇక తెరవలేదు. వానలు మొదలయ్యాయి, వెళ్ళిపోయాయి కూడా. అన్నం పెడుతుంది, బట్టలుతుకుతుంది, మాట లేదు. నాతో మాట్లాడేది, కుళాయిని తిట్టేది, వాడితో మాత్రం ఊహూ. ఆడపడుచుని కదా, నేనే ఎక్కించానని వాడి అనుమానం. ఎక్కించలేదే తల్లీ, కాస్త సంతోషించానంతే. చివరికి వచ్చి తీసుకెళ్ళమని వాళ్ళన్నకి కబురు పెట్టింది. అప్పుడు దిగింది వీడికి. తిండి సయించదు, చేసిన పనల్లా చెడిపోతోంది. వాళ్ళ ఇంజనీరు, తెలుగు రాని మనిషి, సంగతి కనుక్కుని భుజం తట్టి 'గో హోమ్, మేకప్ విత్ హర్' అన్నాడట. మావాడు ఆలోచించాడు. మేకప్పంటే తెలుసు. హర్ అంటే ఆవిడ, విత్ అంటే కలిసి. మగాణ్ణి, నాకెందుకండీ అందామనుకుని, పెద్దాయనతో వాదనేంటని ఊరుకున్నాడట.

వదిన సర్దిన పెట్టె పక్కన కూర్చునుంది. నేను గుమ్మంలోనే ఉన్నా, నా కళ్ళతో చూశా. పౌడరు డబ్బా తెచ్చి, ఆవిడకి ఎదురుగా కూర్చుని, నుదుటి నుంచి గడ్డం దాకా పట్టించాడు. మీసం కూడా తెల్లబడింది. డబ్బా అటు తోసి 'ఇక నీ వంతు' అన్నాడు. నవ్వుతున్నాడా అంటే లేదు, మిషను ముందు నిలబడ్డ మొహమే. వదిన చూసింది, చూసింది. 'మెడకి కూడా రాయండి, తలకాయ ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది' అంది. నాకెందుకో ఏడుపొచ్చిందే. తర్వాత ఆవిడా పూసుకుంది. అంతలో వాళ్ళన్న దిగబడి 'ఏం నాటకం బావా? టిక్కెట్టుందా, ఊరికేనా?' అన్నాడు. కాఫీ తాగి ఒక్కడే వెళ్ళాడు.

అన్నయ్య పోయిన చాన్నాళ్ళకి మీ నాన్న, అప్పుడు కొత్తగా కాలేజీ కదా, నేల మీద నడిచేవాడు కాదు, 'అత్తయ్యా, అసలు దానర్థం రాజీపడమని! మామయ్య వెళ్ళి పౌడరు కొన్నాడు!' అని పడీపడీ నవ్వాడు. వదిన నవ్వలేదు. 'మరి మేం చేసిందేంట్రా?' అంది.

ఊఁ... ఆ కిటికీ వెయ్యి, చలేస్తోంది.