చంతూ చెప్పిన కంబోడియా పాఠం

"పెద్దమ్మా, ఐదో తరగతికి నన్ను కంబోడియా గురించి చెప్పుమన్నరు. పిల్లలేమో 'మాకు చంతూ ఆంటీ చెప్పింది' అంటున్నరు. ఎవరామె?"

అయ్యో, నువ్వు మొన్ననే వస్తివి, నీకెట్ల ఎర్కుంటది బిడ్డా. చంతూ నాతోటి ఆయా. గీ అరబ్బు దేశంల, గీ బౌషర్ బడిలనే పదేండ్లు ఇద్దరం కలిసి వరండాలు తుడిసినం. కంబోడియాది. నాకంటే రెండేండ్లు, కాదు కాదు, నాలుగేండ్లు చిన్నది. హమ్రియాల ఒకటే రూమ్ మాది. నేను పచ్చిపులుసు చేస్తే అండ్ల చేప ముక్కలేసేది, ఏం జెప్తవ్! నేనొచ్చిన కొత్తల చాయ్ యాభై బైసలుండె... సరే, అది ఇడిసిపెట్టు.

బడిల దేశాల పండుగ చేస్తరు సూడు, ఒక యేడు ఐదో తరగతికి కంబోడియా వచ్చింది. అప్పుడొక పెద్ద మేడం ఉండె. మాటకు ముందు కల్చర్, మాటకు ఎనుక కల్చర్. అట్టలు కోపిచ్చి గుడి కట్టిచ్చింది. పిల్లల నెత్తిన చైనా టోపీలు. తిననీకె పొట్లం నూడుల్సు. పాట ఏ దేశానిదో ఆ దేవునికే ఎర్క. "లచ్చవ్వా, ఇది మా దేశమేనా?" అని చంతూ నా చెవుల అడిగింది. నాకు నవ్వాగలే.

చంతూది ఆ దేశమే అని మేడంకు పండుగ ముందు రోజు తెల్సింది. అన్నేండ్లల ఒక్కసారన్న 'నీది ఏ ఊరు' అని అడిగితే గద! తెల్సినంక పట్టుబట్ట కట్టిచ్చి అట్టగుడి పక్కన నిలబెట్టింది. "చేతులు జోడించి నవ్వు, చాలు. మాట్లాడకు" అన్నది. బొమ్మ లెక్కన్నమాట.

ఒక బుడ్డపోరి, అద్దాలు పెట్టుకుంటది, వచ్చి అడిగింది, "ఆంటీ, మా అంత ఉన్నప్పుడు మీరు ఏ బడికి పోయిండ్రు?"

చంతూ నవ్వుడు ఆపింది. వచ్చీరాని హిందీల చెప్పింది. "బడి లేదు బిడ్డా. ఒక సర్కారొచ్చి పట్నాలన్నీ ఖాళీ చేయించింది. అందర్ని పొలాలకు తోలింది. మా నాయిన పంతులు, అద్దాలు పెట్టుకునేటోడు. చదువుకున్నోడని పట్టుకపోయిండ్రు. మల్ల రాలే. నేను నీళ్ల గంజి తాగి వరి మీద పిట్టలు తోలిన."

ఆ పోరి గబుక్కున అద్దాలు తీసింది. చంతూ వాటిని మెల్లగ మల్ల పెట్టి, "నీకేం కాదు" అన్నది.

మేడం ఉరికొచ్చింది. "పాజిటివ్! పాజిటివ్‌గా చెప్పాలె! చిల్డ్రన్, డాన్స్!" అని తప్పట్లు కొట్టింది. ఒక్కలు కదిలితే ఒట్టు.

తెల్లారి ఆఫీసుకు పిలిచి, "ఇంకోసారి పిల్లలతోటి మాట్లాడితే వీసా క్యాన్సిల్" అన్నరు. కానీ పిల్లలు ఊకుంటరా? ఇంటర్వెల్ కాంగనే, చిన్న తరగతులోళ్లు సుత, మెట్ల కింద చేరిండ్రు. నేను కావలి. మేడం చెప్పుల సప్పుడైతే బకెట్ తన్నేదాన్ని. చంతూ వేళ్లు ఎనకకు వంచి వాళ్ల దేశపు ఆట నేర్పింది. ఆ సర్కారు చేతుల ఆట పంతులమ్మలు ఎందరో సచ్చిపోయిండ్రట. ఆట నేర్పే ఆమె మేనత్త మాత్రం కూరగాయలమ్ముకునేదాన్నని అబద్ధమాడి బతికిందట. వాళ్లకూ రామాయణం ఉన్నది, ఎర్కేనా? మన హనుమంతుడే ఎగురుతడు!

ఇండ్లల్ల పిల్లలు ఆ ఆట ఆడితే తల్లులు మెచ్చుకున్నరు, ఇగ సూడు, సొమ్మొకరిది సోకొకరిది. యాన్యువల్ డే నాడు మేడం స్టేజీ ఎక్కి అదంత తన ఐడియా అన్నది. కింద నుంచి పిల్లలు "చంతూ ఆంటీ!" అని ఒకటే ఒర్రుడు. "అవునవును, సపోర్ట్ స్టాఫ్ కూడా" అన్నది మేడం. ఆ సపోర్ట్ లేకుంటె ఆమె చెప్పేది నూడుల్స్ కథనే గద!

రూమ్‌ల నేను తిట్లు అందుకున్న. చంతూ తిట్టలే. "నా కొడుక్కు ముప్పై ఏండ్లు. నేను చెప్పలే, వాడడగలే. వీళ్లు అడిగిండ్రు" అన్నది. ఆ శుక్రవారం కొడుక్కు ఫోన్ చేసి చానాసేపు మాట్లాడింది. పెట్టేసినంక కండ్లు తుడుసుకుంది. "ఏమన్నడు?" అన్న. "తాత పేరేంది అని అడిగిండు" అన్నది.

పోయినేడు ఇంటికి పోయింది. బాగనే ఉన్నదట.

సల్లగుండు బిడ్డా. నీ తరగతిల నోరు తెరిసి అడిగే పిల్లలే నిండాలె... గంట కొట్టిండ్రు, పో, పో...