బుజ్జమ్మ సారైన దినం

"అమ్మమ్మా, ఎండకాలంల మీరందరు బండేసుకొని ఎటెటో తిరిగొచ్చిండ్రంట గద. చెప్పు, రికార్డు చేస్త."

చేస్కో బిడ్డ, చేస్కో. జెర ఆగు, నోట్ల పండ్ల సెట్టు పెట్టుకోని. లేకుంటే మాటలు తుస్సుమంటయి... ఆఁ, ఇగ షురూ చెయ్యి.

మా అక్క మనుమరాలివి, నా కొడుకు శీనుగాని సంగతి నీకెరికే గద. ఆరుగురు పిల్లలు, ఒక్కరు సుత బడికి పోరు. ఇంట్లనే సదువు. మా కాలంల చారాన ఫీజు అడగనీకె సారొస్తే మా నాయన ఇంటెనక దాక్కునేటోడు. వీడు పైసలుండి పంపడు. మారేడ్‌పల్లిల మా గల్లీ అంత గదే ముచ్చట. పక్కింటి పంతులమ్మ, అంటే ఇప్పుడు రిటైరైంది లే, గోడమీదికెళ్లి అడుగుతది, "మీ పిల్లలకు ఎక్కాలన్న వస్తయా అండీ?" అని. "అవి రాకున్న చెట్లెక్కుడు వస్తదమ్మా, మీ జామచెట్టు చూస్కో" అన్న. నెలరోజులు మాట్లాడలే నాతోని.

ఏం చెప్తున్న? ఆఁ, ఈ ఏడు పెద్దది అక్షర ఇంట్ల సదివే పదో తరగతి పరీక్ష రాసింది. గదైపోయిన నెలకు పెద్ద బండి కిరాయికి తెచ్చి శీనే నడిపిండు. ఓరుగల్లు కోట, రామప్ప, భద్రాచలం, అటెనక ఇల్లు. గదీ వాడు గీసిన గీత. కని వాంది ఇంకో రూలు ఉన్నది. రోజుకొక్క పిల్ల సారు. గా దినం సారు ఎటంటే అటు పోవాలె, ఏం పాఠమో సారే చెప్పాలె, అమ్మానాయన సుత నోరు మెదపొద్దు. ఇంట్ల సుత గంతే. పోయిన చలికాలంల రెండోడు సారైతే, ఇంటిల్లిపాది పొద్దంత మిక్సీ ఇప్పి మల్ల బిగించినం. అది నడువలే. వారం దినాలు పచ్చడి రోట్లె నూరింది ఎవరనుకున్నవ్, నేనే.

సరే, బయలెల్లినం. ఓరుగల్లుల రెండోడు టైరు మార్చుడు నేర్సిండు. రామప్పకాడ అక్షర రిజల్టు ఫోన్ల వచ్చింది, పాసు! అదేడ్సుడు, మా కోడలు మాధవి ఏడ్సుడు. నేనైతే ముందుగాల పంతులమ్మకే ఫోన్ జేసిన. ఎంత సల్లగుండె పానం!

భద్రాచలంల ఆఖరి దినం బుజ్జమ్మది. అందరికన్న చిన్నది, ఆరేండ్లు. పిల్లలంత తన దారిలనే పోతరని శీనుగాని ధీమా. నా ఉపాయం నాకుండె. ఎందుకంటే బిడ్డ, డెబ్బై దాటింది, నేను సముద్రం సూడలే. టీవీల సూసుడే. ఒక్కసారి కండ్లార సూడాలనుండె. భద్రాచలం దాంక వచ్చినం, ఇంకింత పోతే కాకినాడ. ఇప్పుడు తప్పితే ఇగ నా మోకాళ్లు ఒప్పుకోవు.

బుజ్జమ్మకేమో నా పండ్ల సెట్టు మీద కన్ను. ముట్టనియ్య నేను. పొద్దుగాల లేపి చెవుల చెప్పిన, "సముద్రం అను, పొద్దంత నీకే ఇస్త."

బండెక్కినం. "సారూ, ఎటు?" అన్నడు శీను.

"సముద్రం!"

"ఏం పాఠం?"

"నీళ్లు ఉప్పగెందుకుంటయో."

నేర్పినట్టే చెప్పింది, బంగారు తల్లి. నేను ఏమెరుగనట్టు కిటికీలకెళ్లి బయటికి సూస్కుంట కూసున్న. గంతల మల్ల నోరు తెరిచింది, "నాయనమ్మ పండ్లు సుత ఇస్తదంట!"

ఇగ బండంత ఒకటే నవ్వుడు. నేను తేలు కుట్టిన దొంగ లెక్క కొంగు మొకం మీదికి గుంజుకున్న. శీను ఒక్కడే నవ్వలే. "రేపు నాకు ఆఫీసు పనున్నది, ఇంటికే" అని బండి మన దిక్కే తిప్పిండు. నా పానం ఉసూరుమన్నది. బుజ్జమ్మ సీటు మీద నిలవడి "నేను సారును!" అని ఒకటే లొల్లి. మాధవి మెల్లగ అన్నది, "మీరు పెట్టిన రూలే కదండీ. ఇయ్యాల మీరే తప్పితే రేపు పిల్లలు ఇంటరా?" కొడుకు గడ్డం గోక్కున్నడు. బండి పక్కకు ఆపి ఆఫీసుకు ఫోన్ జేసిండు. తిరిగింది బండి!

మేం పోయేసరికి పొద్దు వాలుతున్నది. అబ్బ... ఏం చెప్పాల్నే. అవతలి గట్టు లేదు. గోదారికి సుత ఉంటది గద గట్టు. ఏడుపొచ్చింది నాకు, సంబురంతోనే. కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని పోయిన. అలొచ్చి గుంజింది, దబ్బున నీళ్లల్ల కూలవడ్డ. లేపుతరనుకుంటే, పిల్లలు సుత వచ్చి నా పక్కకే కూసున్నరు.

శీను సుత ప్యాంటు తడుపుకొని కూసున్నడు. "అమ్మా, గీ దొంగ నాటకమెందుకే? ఒక్క మాట అడిగితే నేను తీస్కరాకపోతుంటినా?" అన్నడు.

తెస్తుండెనేమో. కని సూడు బిడ్డ, మీ తాత, అదే మా ఆయనది, రైల్వేల నౌకరి. సికింద్రాబాద్ టేషన్ల రైలెక్కితే సాలు, ఫ్రీ పాసు ఉండె మాకు. యాడాదికోసారి అడిగేదాన్ని. మంచోడే పాపం, ఎన్నడు కాదనలే. "వచ్చే ఏడు పోదాం తియ్యే" అనేటోడు. ఆయన పోయేదాంక గదే మాట. గా మాట మల్ల నా కొడుకు నోటెంట ఇనబుద్ధి కాలే. గందుకే అడుగలే.

వానికి చెప్పలే గది. "నీ రూలు పనిజేస్తదో లేదో చూసిన్రా" అన్న.

ఏందే, కండ్లు తుడుసుకుంటున్నవ్? బంజెయ్యి గా ఫోను. సల్లగ బతుకు బిడ్డ. ఎటన్న పోవాల్ననిపిస్తే ఈ ఏడే పో...