బావ గోడ మీద రాసిన ఇంగ్లీషు మాట

"తాతా, 'సెల్ఫ్-కన్సీట్' అన్న మాట నీకెట్ల ఎరుక?"

ఎందుకెరుక లేదు బిడ్డా? చాందా కాలేజీల నీకు ఇప్పుడు చెప్తున్నరు, నాకు మా బావ ఎప్పుడో చెప్పిండు. నవ్వకు, ఇను.

మన రాజురా తాలూకాను ఆదిలాబాద్ నుంచి తీసి బొంబాయి రాష్ట్రంల కలిపిన రోజులవి. అప్పటిదాక కాగితాలన్నీ ఉర్దూ, ఇగ చూస్తే అన్నీ మరాఠీ. మా అక్క మొగడు హైదరాబాదుల మెట్రిక్ దాక చదివిండు. కాళ్లకు బూట్లు, ఐదు రూపాయలవి... కాదు కాదు, ఏడు. అడగనోనికి గూడ చెప్పేటోడు. ఇంటి అల్లుడాయె! వచ్చిండంటే మా నాయిన కాళ్లకు నీళ్లిచ్చి, మంచం మీద జంపఖానా పరుస్తుండె. అల్లుని మాటకు నలుగురిల ఎదురు చెప్పుడు లేదు మన దాంట్ల.

ఒకనాడు తలాటి, అంటే మరాఠోళ్ల పట్వారి, కొత్త భూమి కాగితం తెచ్చి, నాయినను వేలుముద్ర వెయ్యమన్నడు. బావ దాన్ని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. మరాఠీ ఒక్క ముక్క రాదు. రాదంటే ఆ బూట్ల ఇజ్జత్ ఏంగావాలె? "అంత బరాబరున్నది మామా, వేలెయ్" అన్నడు.

నేను పగలు నాగలి దున్ని రాత్రి బడిల మరాఠీ నేర్చుకున్నోణ్ణి. "బావా, ఒకపారి నేను చూస్త" అన్న.

"నీకు సెల్ఫ్-కన్సీట్ బాగైందిరా!"

"అంటే ఏంది బావా?"

ఇగ దొరికిండు. కాగితం మంచం మీద పెట్టి, బొగ్గుముక్కతోని గోడ మీద రాసిండు. "సెల్ఫ్ అంటే తాను. కన్సీట్ అంటే మిడిసిపాటు. నడుమ చిన్న గీత గీసి రెండిటినీ జోడియ్యాలె. 'కన్' అల్కగ అనాలె, 'సీట్' మీద బలం పెట్టి సాగదియ్యాలె." తలాటితోని అనిపిచ్చిండు, పండ్లు లేని మా నాయినతోని గూడ అనిపిచ్చిండు.

వాళ్లు సీట్ సీట్ అనంగ నేను కూడబలుక్కుంట కాగితం చదివిన. వాగు కాడి మా నల్లరేగడి చేను గాయరాన్ల రాసున్నది! అంటే ఊరి పశువులు మేసే సర్కారు జాగ అన్నట్టు. నాయిన వేలికి అప్పటికే సిరా అంటింది. చెయ్యి పట్టి గుంజిన. "బావకు మరాఠీ రాదు నాయినా!" అని అందరి ముంగట అరిసిన.

చేను మిగిలింది. బావ అన్నం ముట్టకుండనే బూట్లేసుకొని పోయిండు. అక్కను మళ్ల మా గడప తొక్కనియ్యలే. నువ్వే పోయి నాలుగు మంచి మాటలు చెప్పి తోల్కరా అన్నడు నాయిన. నేను చదివింది నిజమే గద, నేనెందుకు పోవాలె అన్న. ఆ ఏడు పోలే, మరుసటేడు పోలే. పోయేసరికి... అక్కను పాడె మీదనే చూసిన.

గోడ మీది గీత సున్నమేస్తే పోయింది బిడ్డా. మా రెండిండ్ల నడుమ పడ్డది...

అయినా నేను చదివింది తప్పు గాదు, ఆ!

సల్లగుండు బిడ్డా. నీ తమ్మునితోని మాట్లాడుతలేవట గద? పో, ముందుగాల వానికి ఫోన్ చెయ్.